కిందికి దించిన కిటికీ

దెయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి వెళ్ళిపోయేదాన్ని. భయంతో కాదు, విసుగుతో. నేను ఆర్కిటెక్టుని. పాడుబడ్డ ఇంట్లో తలుపు ఎందుకు కిర్రుమంటుందో, గోడ ఎందుకు చెమ్మగిల్లుతుందో చెప్పగలను. ఇది మాత్రం చెప్పలేకపోతున్నాను.

మాది సూరత్‌లో అడాజన్ ప్రాంతం. నాన్న రైల్వే ఉద్యోగంతో ఈ ఊరు వచ్చారు. తెలుగువాళ్ళమని తెలిసి రాజయ్యగారు నన్ను పిలిపించారు. సిరిసిల్ల వైపు నుంచి మగ్గం పనికి వచ్చి, ఇక్కడే సొంత మగ్గాలు పెట్టుకున్న మనిషి. ఆయన భార్య లక్ష్మమ్మగారికి ఆ మగ్గాల నూలు దుమ్ములోనే ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆమె కోసం ఊరి బయట, కామ్‌రేజ్ దాటాక, టేకుచెట్ల మధ్య ఇల్లు కావాలన్నారు.

ఒక్క చెట్టూ కొట్టకుండా ప్లాను గీశాను. చెట్టు అడ్డమొచ్చిన చోట గోడే పక్కకు తిరిగింది. రంగు కూడా అక్కడి మట్టిరంగే. రోడ్డు మీద నుంచి చూస్తే అక్కడ ఇల్లుందని తెలియకూడదని నా పట్టుదల.

గోడలు లేచేసరికి లక్ష్మమ్మగారు ఆసుపత్రిలో చేరారు.

ఆ మధ్యాహ్నం కూలీలు భోజనాలకు వెళ్ళారు. ఆమె పడకగదిలో కిటికీ ఎత్తు కొలుస్తున్నాను. వెనక నుంచి ఆమె గొంతు, అదే ఆయాసంతో.

“జర కిందికి పెట్టు బిడ్డా. పండుకుంటే చెట్లు కనబడాలె.”

ఇంటికి పంపేశారేమో అనుకున్నాను. “సరే పెద్దమ్మా” అని సుద్దముక్కతో కింద గీత గీసి, వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. బయట నేలంతా ఎండిన టేకాకులు. కుక్క నడిచినా చప్పుడవుతుంది. నాకు ఏ అడుగూ వినిపించలేదు.

రాజయ్యగారికి ఫోన్ చేసి, పెద్దమ్మ ఇక్కడికి వచ్చారా అని అడిగాను.

“ఏంది బిడ్డా గట్లడుగుతవ్? పొద్దుగాల్నే పానం పోయింది. నీకు చెప్పాలన్న సోయి లేకపాయె.”

కర్మకాండ అయ్యాక ఆయన ఇల్లు చూడడానికి వచ్చారు. నేనేమీ చెప్పలేదు. కిటికీ కింద ఆ సుద్దగీత చూసి ఆయనే ఆగిపోయారు.

“గిది నీకెవరు చెప్పిన్రు? కిటికీ కిందికి పెట్టమని నీకు చెప్పుమన్నది, పానం పోయేముందు. నేను ఎవ్వలకు చెప్పలె.”

అప్పుడు జరిగినదంతా చెప్పాను. ఆయన ఏడవలేదు. “మరి నాకెందుకు వినబడకపాయె?” అని మాత్రం అడిగారు.

ఇల్లు పూర్తయింది. ఆయన అందులో చేరలేదు. ఆదివారాలు వెళ్ళి ఆ గదిలో నేల మీద పడుకుని వస్తుంటారు. ఏమైనా వినిపించిందా అని నేను అడగను. ఆరోజు నేను విన్నదేమిటో నాకే ఇంతవరకు తెలియదు.