నాయన పద్యం, చిన్నాయన అర్థం

కర్నూలులో మేముండే వీధిలో ఇస్త్రీ బండాయన గంజి పెట్టిన నూలు చీర మీద బొగ్గుల పెట్టె ఆనించగానే ఒక వాసన లేస్తుంది. దాంతో నందికొట్కూరు పక్కన మా ఊరి మగ్గాల ఇల్లు, నూలుకు పట్టించే గంజి ఉడికే కుండ, పక్కనే ఆరుతుండే జొన్న రొట్టెలు, ఏది దేని వాసనో తెలియని ఆ మధ్యాహ్నాలు గుర్తుకొస్తాయి. గుర్తుకు రావడం తప్ప మరేమీ జరగదు.

ఆ ఇంటికి నడుమ ఒక గోడ ఉండేది. మా నాయన, చిన్నాయన వాటాలు పంచుకున్నప్పుడు మగ్గం మీదికి వెలుతురిచ్చే ఒకే ఒక కిటికీ అన్న వైపుకు పోయింది. చిన్నాయన పట్టపగలు బల్బు వేసుకుని నేసేవాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకరి మగ్గం చప్పుడు మాత్రం ఇంకొకరికి గోడలోంచి వినబడుతూనే ఉండేది.

వానలు మొగం చాటేసిన ఏడు గుడి ముందు పందిరి వేసి విరాటపర్వం చదివించడం మా వైపు ఆచారం. పాండవులు మారుపేర్లతో విరాటరాజు కొలువులో దాగిన కథ వింటే వాన పడుతుందని నమ్మకం. ఒకరు పద్యం పాడాలి, ఇంకొకరు అర్థం చెప్పాలి. పద్యం పాడే గొంతు ఊళ్లో మా నాయనకే ఉండేది. అర్థం చెప్పే నోరు చిన్నాయనకే ఉండేది. కాబట్టి కరువొస్తే తప్ప మా ఇంటి అన్నదమ్ములు పక్కపక్కన కూర్చునేవాళ్లు కాదు. ఊరంతా వాన కోసం మొక్కుకుంటుంటే, మా అవ్వ ఒక్కతే అది ఇంకొన్నాళ్లు ఆగితే బాగుండునని కోరుకునేది.

అవ్వకు భారతం మా వీధిలో జరిగిన సంగతే. "కుంతమ్మ సవతి పిల్లోళ్లను గూడా కలిపి సాకె. నేను కన్నోళ్లనే కలపలేకపోతి" అనేది, రాట్నం ఆపకుండా. పిల్లలం మేము పప్పుబెల్లాల కోసం పోయేవాళ్లం. భీముడు వంటవాడుగా చేరాడనే చోట మాకు ఆకలేసేది. అర్జునుడు ఆడపిల్లలకు నాట్యం నేర్పుతున్నాడంటే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. అన్నదమ్ములంతా ఒకే చోట ఉంటూ ఎవరికెవరో తెలియనట్టు నడుచుకోవడం మాత్రం మాకు వింతగా తోచలేదు.

ఒక ఏడు, అర్జునుడు ఉత్తరకుమారుడికి తనవాళ్లెవరో బయటపెట్టే చోటికి వచ్చారు. నాయన పద్యం ముగించాడు. చిన్నాయన అందుకున్నాడు.

"మీ రాజుతో పాచికలాడే కంకుభట్టు ఉండాడే, ఆయప్ప ఎవురనుకున్యావు?" అని ఆగి, నాయన వైపు తిరిగి, "మాయన్న" అన్నాడు.

పందిరి కింద విసనకర్రలు ఆగాయి.

"పెద్దోడా, నిన్నే అంటాండాడు" అంది అవ్వ.

నాయన కళ్లద్దాలు సర్దుకుని, పేజీ తిప్పి, తర్వాతి పద్యం ఎత్తుకున్నాడు. రాగం ఏమాత్రం చెడలేదు.

మర్నాడు వాన పడింది. పర్వం ముగియకుండానే జనం చేలకు పోయారు. మగ్గాల గుంటల్లోకి నీళ్లు దిగితే అన్న తన వైపు, తమ్ముడు తన వైపు తోడి పోసుకున్నారు. పంటలు బాగుంటాయని అవ్వ అందరితోపాటే అనేది కానీ, ఆ వానను ఆమె క్షమించినట్టు లేదు.

ఇప్పుడు అవ్వ లేదు, పందిరి లేదు, మగ్గాల గుంటలు పూడ్చి బండలు పరిచారు. వాన వస్తుందో రాదో సెల్లులో చూసుకుంటారు, రాకపోతే సెల్లునే తిడతారు.

పోయిన వేసవిలో చిన్నాయన కర్నూలు ఆస్పత్రిలో కన్నుమూశాడు. శవాన్ని అప్పగించేముందు అక్కడి మనిషి నాయనను, "పెద్దాయనా, ఈయప్ప నీకేమైతాడు?" అని అడిగాడు. నాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. ముసలాయనకు చెవుడేమోనని ఆ మనిషి గొంతు పెంచి మళ్లీ అడిగాడు.

"నా తమ్ముడు" అన్నాడు నాయన.

ఆ మనిషి తలూపి, వరసలో మా వెనకున్నవాళ్లను పిలిచాడు.