అడిగినన్నిసార్లూ

నా చిన్నప్పుడు మేము ఫిల్మ్‌నగర్ ఎగువన, బండరాళ్ళ మధ్య కట్టిన రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. మా నాన్న డబ్బింగ్ థియేటర్లో సౌండు పని చూసేవారు. ఎనభైల్లో ఎవరో స్నేహితుడి వెంట వెళ్ళి, క్రైస్తవంలోంచి వచ్చిన మోర్మన్ మతం పుచ్చుకున్నారు. అందులో కూడదన్న టీ, కాఫీ, సిగరెట్టు ఒక్కరోజులో మానేశారు. మా అమ్మ మాత్రం చేరలేదు. గోదావరి మనిషి, ఫిల్టర్ కాఫీ పడందే ఆవిడకి తెల్లారేది కాదు. గ్లాసు అడుగున ఒక గుక్క మిగిల్చి నాకిచ్చేది. ఆ గుక్క కోసమే నేను పెందలాడే లేచేదాన్ని.

ఆ మతంలో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. ఎనిమిదేళ్ళు నిండి, మంచీచెడ్డా తెలిశాక, ఎవరికి వాళ్ళు ఇష్టపడి తీసుకోవాలి. ఎంచుకునే స్వేచ్ఛ దేవుడే మనిషికి ఇచ్చాడని నాన్న గొప్పగా చెప్పేవారు. నాకు ఎనిమిది నిండగానే, ఎర్రగడ్డలో వాళ్ళు ప్రార్థనకి కూడే మేడ మీదికి తీసుకెళ్ళారు. అమ్మ కూడా వచ్చి గుమ్మం బయట కూర్చుంది. సంఘం పెద్దాయన నాన్ననీ నన్నూ లోపలికి పిలిచారు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట.

"ఎవరి బలవంతం లేదు గద బిడ్డా? నీకు ఇష్టమేనా?"

వద్దండీ, మా అమ్మ తీసుకున్నప్పుడు తీసుకుంటాను అన్నాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. జర ఆలోచించుకొని రమ్మని బయటికి పంపి, కాసేపాగి మళ్ళీ పిలిచారు. మళ్ళీ వద్దన్నాను. అప్పుడు చెప్పారు, పోయాక కూడా కుటుంబాలు కలిసే ఉంటాయని, అయితే బాప్తిస్మం తీసుకుని మాటిచ్చినవాళ్ళే ఉంటారని. "గాడ మీ నాయిన ఒక్కడే ఉంటే నీకు మంచిగనిపిస్తదా?" అన్నారు. నాన్న వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నారు. నన్ను వెనకేసుకు రాలేదు. మరి అమ్మ ఒక్కతే ఉండిపోతుందిగా అని అడగాలనుకున్నాను, కానీ ఇష్టమే అన్నాను. నాన్న పనిచేసే థియేటర్లోనూ ఇంతే, కావలసిన మాట కావలసినట్టు వచ్చేదాకా చెప్పించి, వచ్చాక ఓకే అనేవారు.

జూబ్లీహిల్స్‌లో ఎవరిదో బంగళా ఈతకొలనులో నాన్నే నన్ను ముంచారు. ఒళ్ళంతా మునగాలట. జడ కొస పైకి తేలిందని చూస్తున్న పెద్దలు తల అడ్డంగా ఊపితే మళ్ళీ ముంచారు. అమ్మ తువ్వాలు పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది.

మర్నాడు పొద్దున అలవాటుగా చెయ్యి చాపాను. అమ్మ గ్లాసు ఖాళీ.

"తాగనని మాటిచ్చావుగా తల్లీ" అంది.

నేను వద్దనే అన్నానమ్మా, మళ్ళీ మళ్ళీ అడిగారు అని వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుంది.

"విన్నాను. అడిగినన్నిసార్లూ వద్దనొచ్చు, పిచ్చిదానా. అడగడానికి వాళ్ళకి ఓపికుంటే, వద్దనడానికి మనకీ ఉండాలి. ముందే చెప్పాల్సింది, నాదే బుద్ధి తక్కువ."

ఆ ఓపిక ఎలా ఉంటుందో తర్వాత ఏళ్ళ తరబడి చూశాను. పెద్దాయన ఇంటికొచ్చి సంఘంలో చేరమని అమ్మని అడిగేవారు. అమ్మ ఆయనకి చల్లటి మజ్జిగ ఇచ్చి, వద్దండీ అనేది. గొంతు పెంచేది కాదు, కారణాలు చెప్పేదీ కాదు. కాలేజీకొచ్చాక నేను సంఘానికి వెళ్ళడం మానేశాను. అమ్మ పక్కన కూర్చుని కాఫీ తాగాను.

తొంభైల చివర్లో అమ్మ పోయింది. సంవత్సరీకాలు కూడా కాకముందే నాన్న ఒక కోరిక కోరారు. వాళ్ళలో, పోయినవాళ్ళ బదులు బతికున్నవాళ్ళు ఆలయంలో బాప్తిస్మం తీసుకోవచ్చు. నువ్వు తిరిగి సంఘానికి రా, విదేశంలో ఉన్న మన ఆలయానికి వెళ్దాం, అమ్మ పేరున నువ్వే మునగాలి అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. బతికినన్నాళ్ళూ అడిగి, పోయాక కూడా వదలరా?

"ఇష్టం లేకపోతే అక్కడ పైలోకంలో కాదనే స్వేచ్ఛ ఆవిడకుంటుందమ్మా" అన్నారు.

"ఇక్కడే కాదంది కదా నాన్నా" అన్నాను.

ఆయన అడగడం మానలేదు. ప్రేమకొద్దీ అడిగారు, అమ్మ లేని పరలోకం ఆయనకి అక్కర్లేదు, అది నాకు తెలుసు. చివరిసారి ఆస్పత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని అడిగారు. ఆ చెయ్యి వదలకుండానే వద్దన్నాను.

అమ్మ నేర్పిన ఓపిక నా దగ్గర ఇంకా ఉంది. అది ఇంత చేదుగా ఉంటుందని మాత్రం ఆవిడ చెప్పలేదు.