పిన్నీసు పెట్టిన పిస్తోలు

నేను డ్రిల్లు టీచరుగా కళింగపట్నం దగ్గర ఒక హైస్కూల్లో చేరిన మొదటి ఏడాది. ఆటల పోటీల రోజు ఉదయాన, పరుగు పందేనికి పేల్చే ఉత్తుత్తి పిస్తోలు మొరాయించింది. ట్రిగ్గర్‌ని పట్టి ఉంచే పిన్ను వదులై, నొక్కినప్పుడల్లా ఊడి ఇసుకలో పడుతోంది. దారం చుట్టాను. కాగితం ముక్క దోపాను. ఊహూఁ. చివరికి నా గాజుకున్న పిన్నీసు తీసి ఆ కన్నంలో దూర్చాను. రెండుసార్లు నొక్కి చూస్తే బుద్ధిగా పనిచేసింది.

ముఖ్య అతిథి వచ్చి కూర్చున్నారు. ఎనిమిది మంది పిల్లలు గీత మీద వంగారు. ఠీవిగా చెయ్యెత్తి నొక్కాను. పిన్నీసు తెరుచుకుని నా వేలికి గుచ్చుకుంది, ట్రిగ్గర్ ఊడి నా కాళ్ల దగ్గర పడింది. చప్పుడు లేదు. పిల్లలు వంగినవాళ్లు వంగినట్టే ఉన్నారు.

సరిగ్గా అప్పుడే గోడ అవతల నుంచి చేపలమ్మే నర్సమ్మ కేకేసింది.

"ఒరే, బోటొచ్చీసినాది! రండర్రా!"

బోటు ఒడ్డుకు లాగినవాళ్లందరికీ చేపలు పంచడం ఆ ఊరి ఆనవాయితీ. ఎనిమిది మందీ బాణాల్లా సముద్రం వైపు దూసుకుపోయారు. వెనకే జనం. ఆ వెనకే చేతిసంచితో మా హెడ్మాస్టారు!

మైదానంలో నేనూ ముఖ్య అతిథీ మిగిలాం. ఆయన మెడల్ పట్టుకుని, "ఎవరమ్మా ఫస్టు?" అన్నారు.

సాయంత్రం సంగతి విని నర్సమ్మ పగలబడి నవ్వింది. "ఆ తుపాకీ ఏటికి టీసరమ్మా? నన్ను పిలు, నానరుస్తాను."

పిలిచాను. అప్పటినుంచి మా పందేలు మొదలయ్యేది ఆమె కేకతోనే. ఒక్క మార్పు చేశాను. ఆఖరి గీతను సముద్రం వైపు గీయిస్తున్నాను.