ఎవరూ వద్దనని బోరింగ్

జూన్ మొదటి వారం. తెల్లవారుజామున నాలుగున్నరకు కంపెనీ బస్సు నన్ను దోహా అవతల బిర్కత్ అల్ అవామిర్‌లోని యార్డు గేటు దగ్గర దించింది. అప్పటికే వెలుతురు వచ్చింది. ఉత్తరపు గాలి. సన్నటి ఇసుక కళ్లలో పడుతోంది. నాకిచ్చిన సామాను: విజిల్, వాకీటాకీ, టార్చి, ఐదు లీటర్ల నీళ్ల క్యాను. తుపాకీ లేదు. పదిహేడేళ్లు సైన్యంలో ఇంజనీరు దళంలో పనిచేసి, హవల్దారుగా రిటైరైనవాణ్ణి. ఇది సెక్యూరిటీ డ్యూటీ. రెండేళ్ల కాంట్రాక్టు. నాకు మాత్రం ఇదీ ఒక పోస్టింగే.

చమురు ధర ఆకాశాన్నంటిన రోజులవి. దోహాలో ఏ వీధి చూసినా క్రేన్లే. డబ్బు చేరినచోట దానమూ చేరుతుంది. మా యార్డు ఒక ధర్మసంస్థది. ఆఫ్రికా పల్లెల్లో మంచినీళ్ల కోసం చేతిపంపులు ఇక్కడ జతచేసి, కంటైనర్లకెక్కించి ఓడరేవుకు పంపేవారు. మొదటి పంపును చూడగానే నవ్వొచ్చింది. మన దేశంలో తయారైనదే. మన వీధుల్లో నిలబడి ఉండేదే. బోరింగ్ అంటామే, అది.

దానధర్మాల మీద నాకు పెద్ద గౌరవం లేదు. పుణ్యం కోసం ఇచ్చే నీళ్లకంటే హక్కుగా వచ్చే నీళ్లు మేలని ఇప్పటికీ వాదిస్తాను. దాహంతో ఉన్నవాడి ముందు మాత్రం ఆ వాదన చేయను.

యార్డులో నాతో ఉన్నది ముగ్గురు. ఫిట్టర్ మల్లేశం, క్రేన్ ఆపరేటర్ రాజిరెడ్డి; ఇద్దరిదీ జగిత్యాల వైపు ఒకే ఊరు. ట్రైలర్ డ్రైవర్ ఖలీల్‌ది నిజామాబాద్. నాది ఒంగోలు పక్క పల్లె.

నవంబరులో ఉగాండా నుంచి ఒక బడిపంతులు వచ్చాడు. ఆయన ఊరికీ చుట్టుపక్కల ఊళ్లకూ పంపులు వెళ్తున్నాయి. ఆయన వెంట మా ఫిట్టర్ వెళ్లాలి. ఆరు నెలలు అక్కడే ఉండి, పంపులు బిగించి, వాటిని విప్పడం, బాగుచేయడం ఊరి ఆడవాళ్లకు నేర్పాలి. మేనేజరు మల్లేశం పేరు అనుకున్నాడు.

"వాపసొస్తె ఫోర్‌మన్‌ను జేస్తరంట సారూ," అన్నాడు మల్లేశం నాతో. ముఖం వెలిగిపోతోంది. "ఇంటోల్లకు గల్ఫంత దుబాయ్ అనే ఎర్క. ఇగ ఆఫ్రికా అంటె ఎట్ల సమజ్జెయ్యాల్నో!"

షరతు ఒకటే. పంతులు ముందు, మేనేజరు ముందు పంపు బిగించి, తనే కొట్టి చూపించాలి. మేనేజరు ఇంకో నియమం పెట్టాడు. మొదటి నీళ్లు యార్డువాళ్లందరూ తలా దోసెడు తాగాలి. మనం తాగని నీళ్లు ఇంకొకరికి పంపకూడదు. మంచి నియమం. నాకు నచ్చింది.

గురువారం ఉదయం ఏడింటికి, నేలలో పాతిన ట్యాంకు మీద మల్లేశం పంపు నిలబెట్టాడు. నట్లు బిగించాడు. హ్యాండిల్‌కు చైను తగిలించాడు. చేతులు తుడుచుకున్నాడు. తర్వాత పక్కకు జరిగి, పంపు మూతి ముందు వంగి, దోసిలి పట్టాడు.

ఎవరో కొట్టాలని ఎదురుచూస్తున్నాడు.

"కొట్టు," అన్నాడు మేనేజరు హిందీలో. మల్లేశం కదల్లేదు. మేనేజరు నా వైపు తిరిగాడు. "ఇతనికి కొట్టడం రాదా? మరి ఎలా పంపను?"

పడుకోబెట్టిన పంపుల్ని ఏడాదిగా విప్పి బిగిస్తున్న మనిషి. నిలబడ్డ పంపు ముందు, తన ఊరి పటేలు రాజిరెడ్డి క్రేన్ మీంచి చూస్తుండగా, ఆ చేతులు ఊరికి వెళ్లిపోయాయి. ఆ ఊళ్లో పెద్దవీధి బోరింగ్ హ్యాండిల్‌ను మల్లేశం వాడవాళ్లు ముట్టరు. ఎవరైనా దయతలచి కొడితే దోసిట్లో పట్టుకుంటారు. మా పల్లెలోనూ అంతే. జగిత్యాలను విడిగా తిట్టక్కర్లేదు.

దగ్గరికెళ్లి మెల్లగా చెప్పాను. "హ్యాండిల్ పట్టుకో మల్లేశం. లేకపోతే నీ బదులు ఇంకొకణ్ణి పంపుతారు."

"పటేలు సుత తాగాలె గద సారూ. నేను ముట్టుకుంటె ఆయన ఎట్ల తాగుతడు?"

ఇబ్బంది ఏమిటని పంతులు అడిగాడు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాల్లో చెప్పాను. హాస్యమాడుతున్నాననుకుని ఆయన నవ్వాడు. నా ముఖం చూసి ఆపేశాడు. "ఎవరి చెయ్యో ఇనుముకు తెలుస్తుందా?" అన్నాడు.

వాకీటాకీ నొక్కాను. "రాజిరెడ్డీ, గేట్ డ్యూటీ మాట్లాడుతున్నా. ఇక్కడ నీ వల్ల పని ఆగింది. ఓవర్."

"నేనేం జేసిన హవల్దార్ సాబ్? నేను వద్దన్ననా? కొట్టుమనుండ్రి. ఓవర్."

నిజమే. అతను వద్దనలేదు. ఊళ్లోనూ ఎవరూ వద్దనరు. ఏ బోరింగ్‌కూ బోర్డు వేలాడదు. వద్దన్నవాడు కనిపిస్తే వాడితో తలపడొచ్చు. ఎవరూ వద్దనకుండానే తరాల తరబడి చేతులు ఆగిపోయాయే, దానితో ఎలా తలపడాలి?

"వద్దనకపోవడం చాలదు. దిగొచ్చి దోసిలి పట్టు. నీ వంతు నీళ్లున్నాయి. ఓవర్."

ఖలీల్ నోటికి చేతులడ్డం పెట్టుకుని అరిచాడు. "యల్లా రెడ్డి భాయ్! మొన్న నా డబ్బాల బగారన్నం తిన్నప్పుడు ఏడవోయింది నీ పటేల్‌గిరి? దిగు మియా, లేకుంటె పానీ మాఫీ!" యల్లా అంటే పద, మాఫీ అంటే లేదు; అక్కడ అందరి నోటా ఆడే అరబ్బీ మాటలు.

మేనేజరు గడియారం చూసుకున్నాడు. క్యాబిన్ తలుపు తెరుచుకుంది. రాజిరెడ్డి దిగి వచ్చాడు. హెల్మెట్ తీసి నేలమీద పెట్టి, పంపు మూతి ముందు వంగాడు.

"కొట్టు మల్లేశా," అన్నాడు ముఖం ఎత్తకుండా.

మల్లేశం హ్యాండిల్ పట్టుకున్నాడు. ఐదారుసార్లు ఉత్త గాలి. తర్వాత నీళ్లు.

"చాలు, ఇతనే వెళ్తాడు," అన్నాడు మేనేజరు. డిసెంబరులో మల్లేశం పంతులు వెంట ఉగాండా వెళ్లాడు. కాంట్రాక్టు ముగిశాక నేను ఒంగోలు వచ్చేశాను. కులవివక్ష మీద జరిగే సభల్లో ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, రాజిరెడ్డి తాగాడా అని. తాగలేదు. అబద్ధం చెప్పి చప్పట్లు కొట్టించుకోను. తడిచేతులతో ముఖం తుడుచుకుని క్రేనెక్కాడు. మిగతా అందరం తాగాం. పంతులు రెండుసార్లు తాగాడు.

నన్ను వదలనిది అంతకు ముందటి నిమిషం. రాజిరెడ్డి దోసిలి నిండింది. నోటిదాకా ఎత్తడు. పారబోయడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి. ఖాళీ అయింది. మల్లేశం ఇంకోసారి కొట్టాడు. నిండింది. కారిపోయింది. మల్లేశం మళ్లీ కొట్టాడు.