ఆగినప్పుడే నాలుగు లైట్లు

మా మేనమామ పోయాడని మొన్న పొద్దున పక్కింటివాళ్ల ఫోనుకు కబురొచ్చింది. చేసింది మావారి పెదనాన్న. "బిడ్డా, మీ మామ ఇగ లేడే" అని బావురుమన్నాడు. ఆయన మా మామ కోసం ఏడవడమా! వాళ్లిద్దరూ మొదటిసారి ఎదురుపడిన రోజు గుర్తొచ్చి, ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది.

మామ సూర్యాపేటలో డ్రైవింగ్ నేర్పేవాడు. కారెక్కగానే అద్దం తుడిచి, సీటు సర్దుకొని, జేబులోంచి నాలుగు సోంపు గింజలు నోట్లో వేసుకున్నాకే తాళం తిప్పేవాడు. చౌరస్తాలో నేరుగా పోవాలంటే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేయడం అప్పట్లో అందరికీ అలవాటు. నేర్చుకునే రోజుల్లో నేనూ అదే చేశాను. మామ వెంటనే బండి పక్కకు ఆపించాడు.

"నేరుగ పోతున్నవని నిన్నెవరడిగిన్రే? పక్కనుంచి వచ్చెటోనికి ఒక్క లైటే కనపడ్తది, తిరుగుతున్నవనుకుంటడు. అవి బండి ఆగిందని చెప్పెటియి. ఆగితే ఎయ్యి, కదిలితే తియ్యి. అంతే."

నా పెళ్లి సూర్యాపేటలోనే అయింది. భోజనాలయ్యాక అత్తగారి ఊరు మిర్యాలగూడకు ఆరు కార్లలో బయలుదేరాం. శోభగా ఉంటుందని మగపెళ్లివారి కార్లన్నీ నాలుగు లైట్లూ వేసుకున్నాయి. మా కారు నడిపే మామ మాత్రం వేయలేదు. మావారి పెదనాన్న చూసి, కండువా దులుపుకుంటూ వచ్చాడు.

"ఏందయ్యా, పెండ్లి బండికి లైట్లెయ్యవా? మా పరువు తీస్తవా?"

"మనం పోతున్నం గద బావా. ఆగితే ఏస్త."

"ఎయ్యకపోతే పిల్లను గీడనే ఉంచుకో!"

అత్తగారింట్లో అడుగుపెట్టకముందే నా కాపురం ఒక స్విచ్చి మీదికొచ్చింది. "మామా, ఈ ఒక్కరోజుకు వెయ్యి" అని బతిమాలాను. మామ నా ముఖం చూసి లైట్లు వేశాడు. ఆయన నాకోసం ఇంకేం చేసినా చేయకపోయినా, అది చాలు.

దారిలో ఒక మలుపు తిరగ్గానే ముందు పెదనాన్న కారు కనిపించింది. సూర్యాపేట నుంచీ దాని లైట్లు వెలిగి ఆరుతూనే ఉన్నాయి కదా, అది పంచరై ఆగిందని మాకేం తెలుసు? మామ బ్రేకు తొక్కిన తొక్కుడుకు నా బాసికం ముక్కు మీదికొచ్చింది. బెత్తెడు దూరంలో ఆగాం.

ఇక గొడవే అనుకున్నాను. మామ దిగి, తెల్లబోయి నిలబడ్డ పెదనాన్న చేతిలో ఇంత సోంపు పోశాడు. "బావా, ఇప్పుడుంచు లైట్లు. టైరు మార్చినంక తియ్యి" అన్నాడు. ఆయన సోంపు నోట్లో వేసుకొని పకపకా నవ్వాడు. టైరు మార్చాక ప్రతి కారు దగ్గరికీ తానే నడిచి లైట్లు తీయించాడు. ఆనాటి నుంచి మిర్యాలగూడలో పెళ్లి కారు కనబడితే ఆయనకు అదే పని. మామ పేరు చెప్పి మరీ తిట్టేవాడు.

మొన్న మామను సూర్యాపేట దవాఖాన నుంచి కడసారి సొంతూరు చిలుకూరుకు తీసుకెళ్లాం. వ్యాను ముందు సీట్లో నేనూ, పెదనాన్నా. వెనకాల వచ్చే బండ్లన్నీ మామ దగ్గర నేర్చుకున్నవాళ్లవే. ఒక్కదానికీ నాలుగు లైట్లు వెలగలేదు.

కోదాడలో పాత శిష్యులు దండలు పట్టుకొని రోడ్డు పక్కన నిలబడ్డారు. వ్యాను ఆగింది. పెదనాన్న వంగి స్విచ్చి నొక్కాడు. దండలు వేయడం అయింది, డ్రైవరు గేరు వేశాడు. పెదనాన్న వేలు స్విచ్చి మీదే ఉంది.

"తియ్యబుద్ధయితలేదు బిడ్డా" అన్నాడు.

నేను చెయ్యి చాపి తీసేశాను. వ్యాను కదిలింది.