రంగు రాని జపాన్ క్యాసెట్టు

ఈమధ్య మా మనవరాలి స్నేహితురాళ్ళు ఇంటికొస్తే కాసేపు నా దగ్గర కూర్చుంటున్నారు. జపాన్ వాళ్ళ బొమ్మల సినిమాలు కొత్తగా చూడాలనుకునేవాళ్ళు ముందు దేనితో మొదలుపెట్టాలి తాతగారూ, అని అడుగుతారు. వాటికి ఇప్పుడు ఆనిమే అని పేరు. అడిగేటప్పుడు వాళ్ళ ముఖాల్లో గౌరవం కనిపిస్తుంది. అది చూస్తే నాకు సంతోషం కంటే ముందు కోపం వస్తుంది. ఎనభైల్లో ఇదే ఊళ్ళో ఇవే సినిమాలు చూడండని నేను ఇంటింటికీ చెప్పుకుంటే ఎవరెవరు ఏమన్నారో నాకు వరసగా గుర్తుంది.

అప్పట్లో నేను విశాఖపట్నం రేవులో గుమాస్తాని. ఇనుప ఖనిజం ఎత్తుకోవడానికి జపాన్ ఓడలు వచ్చేవి. ఖాళీగా వచ్చిన ఓడ నీళ్ళ మీద గోడలా నిలబడేది. దాని పొట్టకు వేసిన ఎర్ర రంగంతా బయటికి కనిపించేది. సరుకు నిండేకొద్దీ ఆ ఎరుపు నీళ్ళలోకి దిగిపోయేది. చిన్న పడవలో ఓడ చుట్టూ తిరిగి, పక్కన రాసిన అంకెలు చదివి, ఎంత మునిగిందో పుస్తకంలో రాసుకోవడం నా ఉద్యోగం.

ఒక వానాకాలం మధ్యాహ్నం వాన జోరుగా పట్టుకుని ఎగుమతి ఆగిపోయింది. తడిసి ముద్దై ఓడ మెట్ల దగ్గర నిలబడ్డ నన్ను అక్కడి వంటవాడు లోపలికి లాక్కుపోయాడు. నాకు జపాన్ భాష రాదు, అతనికి తెలుగు రాదు. పాలు లేని పచ్చటి టీ ఇచ్చి, బల్ల ముందు కూర్చోబెట్టి, టీవీలో ఒక క్యాసెట్టు పెట్టాడు. ఒకసారి తెర వైపు చూపించాడు, ఒకసారి తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. తన ఊరు లాంటి ఊరని అర్థం చేసుకున్నాను. ఆ తర్వాత అతనూ నా పక్కనే కూర్చుని తెర వైపు తిరిగాడు.

సముద్రం ఒడ్డున ఒక పల్లె. పదేళ్ళ పిల్ల, ఆమె తాత. చాలాసేపు ఏమీ జరగదు. పిల్ల బియ్యం కడుగుతుంది. కెటిల్ పొయ్యి మీద పెడతారు, అది మరిగేదాకా మనం కూడా ఎదురుచూడాలి. రాతి మెట్ల మీదికి పోటు నీళ్ళు ఒక్కో మెట్టే ఎక్కుతాయి, మళ్ళీ ఒక్కో మెట్టే దిగుతాయి. తరవాత తాత పడవ వేసుకుని వెళ్తాడు. పొగమంచు కమ్ముకుంటుంది. పిల్ల వెళ్ళి గట్టు చివర నిలబడుతుంది. చివరికి మంచులోంచి పడవ ఊగుతూ వస్తుంది, పిల్ల చెయ్యెత్తుతుంది, అంతే. బయట వాన, లోపల మంచు. ఓడ కదలకుండా ఉన్నా నాకు ఊగుతున్నట్టే అనిపించింది. వాన వెలిశాక వంటవాడు ఆ క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టాడు.

వన్ టౌన్‌లో మేం అద్దెకుండే లోగిలిలో ఐదు వాటాలు. నెలకో ఆదివారం అందరూ కలిసి వీడియో డెక్కూ టీవీ అద్దెకు తెచ్చుకునేవాళ్ళు. డెక్కు ఆయన వాటిని రిక్షాలో పెట్టుకుని వచ్చేవాడు. పొద్దున ఒక తెలుగు సినిమా, సాయంత్రం ఒకటి. భోజనాలయ్యాక, అందరి కళ్ళూ మూతపడే వేళ నా క్యాసెట్టుకు ఇచ్చారు. దానికే నేను బతిమాలుకోవాల్సి వచ్చింది.

పెట్టేసరికి బొమ్మ వచ్చింది గానీ రంగు రాలేదు. జపాన్ టేపుకూ మన పెట్టెకూ పడదని డెక్కు ఆయన తేల్చేశాడు. నలుపూ తెలుపూ, అదీ మధ్యమధ్యలో పైకి పరిగెత్తిపోయేది. నేను రంగుల్లో చూసినవాణ్ణి, ఊరుకోగలనా? టీవీ పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. ఇదిగో, ఈ కొండ పచ్చన. ఈ సముద్రమంతా నీలం. తాత ఇప్పుడు పిల్లకు జాగ్రత్తలు చెబుతున్నాడు. భాష రాకపోయినా మాటలన్నీ నేనే కల్పించి అప్పజెప్పాను.

ఎదురు వాటాలో ఉండే రిటైరైన మాస్టారు లేచి చెప్పులేసుకున్నారు. "ఇందులో ఫైటుందా? పాటుందా? మరేటుందయ్యా?" అని అడిగి, నేను సమాధానం చెప్పేలోగా వెళ్ళిపోయారు. సమాధానం నా దగ్గర ఉంది. ఆయన చనిపోయేదాకా కూడా దాన్ని వినలేదు. డెక్కు ఆయన మరీ దారుణం. తరవాత నెల నా ముఖం చూసి, "ఇంటికి సిన్నపిల్లలెవరైనా వచ్చేరేటి బావూ, ఆ బొమ్మలు మల్లీ ఏత్తారా?" అన్నాడు.

నేను పట్టు వదల్లేదు. మరో రెండు ఓడల నుంచి ఇంకో మూడు క్యాసెట్లు సంపాదించాను. బంతాట ఆడే ఆడపిల్లల సీరియల్ ఒకటి, మనుషుల్లా మాట్లాడే నక్కల కథ ఒకటి, కొండంత ఇనుప మనుషులు కొట్టుకునే సీరియల్ ఒకటి. కొత్తవాళ్ళకు ముందు ఏది చూపించాలని రోజుల తరబడి ఆలోచించాను. మనిషి చేసే పనిని బట్టి చూపించాలన్నది అప్పట్లో నా సిద్ధాంతం. ఆ సిద్ధాంతంతోనే మా ఆవిడ తమ్ముణ్ణి పిలిచాను. అతను ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట వెల్డింగు పనిలో ఉండేవాడు.

"ఇదేటి బావా, బొమ్మలా? నాకు పెల్లీడు దాటిపోతంది," అన్నాడు కూర్చుంటూనే.

"ఇనుంతో పని సేత్తావు గదా, ఇనప మనిసిని సూడు. నచ్చకపోతే అప్పుడడుగు."

అరగంట బుద్ధిగా చూశాడు. నాకు ఆశ పుట్టింది. ఇనుప మనిషి సముద్రంలోంచి లేచి నగరం వైపు అడుగేశాడు.

"ఆపు బావా, ఆపు. ఆ మోకాలు కాడ వెల్డింగేది?"

"ఏటి?"

"అంత బరువుకి రెండడుగులెయ్యకముందే ఇరిగిపోద్ది. మా సూపర్‌వైజరైతే ఈణ్ణి ముక్కలు సేయించి మల్లీ కట్టించును."

లోగిలంతా నవ్వింది. మా ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. సరే, ఇది కాదు, అసలైనది చూడమని తాతా మనవరాలి సినిమా పెట్టాను. కెటిల్ మరగకముందే అతని గురక వినిపించింది. ఆ తరవాత జరిగిన అతని పెళ్ళి వీడియో మూడు గంటలు నేను కళ్ళార్పకుండా చూశానని ఈ సందర్భంలో చెప్పక తప్పదు.

నాకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. ఆ వాన మధ్యాహ్నం నేను చూసినదాన్ని ఇంకొక్క మనిషి చివరిదాకా చూడాలి. చూసి, దాని గురించి నాతో ఒక్క మాట మాట్లాడాలి. అంతకు మించి నేనెవరినీ ఏమీ అడగలేదు.

మరో ఆదివారం. చాప మీద అంతకుముందు కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. నేను ఖాళీ చాపకే తాతా మనవరాలి సినిమాలో రంగులు చెబుతున్నాను. అప్పుడు మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. మేమందరం ఆమెను, అక్క అన్నట్టు, అప్పా అని పిలిచేవాళ్ళం. గంప దించి, గుమ్మంలో చతికిలబడి, మా ఆవిడను మంచినీళ్ళడిగింది. నీళ్ళు తాగుతూ టీవీ వైపు చూసింది. తాగడం అయిపోయినా లేవలేదు.

"ఈ సముద్రమంతా నీలం," అన్నాను, ఒక మనిషి దొరికిందన్న ఉత్సాహంతో.

"నీలమేటి బావూ?"

"మరేటి?"

"ఆ నీల్లు నీలం కావు. అల సిన్నది, దగ్గిర దగ్గిరగా ఇరుగుతంది. అడుగునున్న ఇసకంతా లెగిసిపోయుంటాది. బియ్యం కడుగునాగ ఉంటాది ఆ నీరు."

నాకు ఒళ్ళు మండింది. "ఈ సినిమా నువ్వెప్పుడు సూసేవప్పా?"

"సినిమా సూడనేదు. నీల్లు సూసేను."

ఇంకో మాట అనబోయి ఆగిపోయాను. ఓడలోని ఆ టీవీ కళ్ళముందుకు వచ్చింది. ఆ సముద్రం నీలం కాదు. బూడిదా పసుపూ కలిసిన పలచని రంగు, అచ్చం బియ్యం కడిగిన నీళ్ళు. ఎందుకో మొదటిరోజు నోటికి నీలమని వచ్చింది. అది చెప్పీ చెప్పీ నా జ్ఞాపకంలో కూడా సముద్రాన్ని నీలం చేసేసుకున్నాను.

తప్పు సర్దుకోవడానికి కథ అందుకున్నాను. "ఇప్పుడు సూడప్పా, మంచు కమ్మేస్తాది, గానీ తాత..."

"నువ్ కాసేపు నోర్ముయ్యి బావూ. సూడనీ."

నా ఇంట్లో, నా క్యాసెట్టు ముందు, నాకు ఆ మాట. వెనక మా ఆవిడ గాజులు గలగలమన్నాయి. నవ్వు ఆపుకుంటోందని తెలుసు. నేను గోడకు చేరగిలబడి నోరు మూసుకున్నాను.

మంచు వచ్చింది. పిల్ల గట్టు చివరికి నడిచింది. అప్ప మోకాళ్ళ చుట్టూ చేతులు చుట్టుకుని ముందుకు వంగింది. పడవ ఊగుతూ తెరలోకి వచ్చింది. నేనిక ఉండలేకపోయాను.

"వచ్చేసేడు."

"ఎవలు?"

"తాత."

"ఆ పడవలో ఎవలూ నేరు."

"మంచులో కనపడ్డు గానీ..."

"కనపడక్కర్నేదు బావూ. మనిసుంటే పడవ నీటి మీద అంత పైకుండదు. సూడు, బెండునాగ ఎలా ఎగురుతందో. ఖాలీ పడవ ఒడ్డుకి రాడం సూసినోల్లకి తెలుస్తాది."

ఆ చివరి మాట ఆమె తెరతోనే అంది. మా ఆవిడ గాజుల చప్పుడు ఆగిపోయింది. పిల్ల చెయ్యెత్తింది, సినిమా అయిపోయింది. అప్ప లేచి కొంగు దులుపుకుంది. మా ఆవిడ గంపకు చెయ్యి సాయం పట్టింది.

మర్నాడు రేవులో చిన్న పడవలో కూర్చుని తల ఎత్తి చూశాను. ఆ వేళే వచ్చిన ఖాళీ ఓడ. ఎర్రటి పొట్ట మొత్తం నీటి పైన ఉంది. ఏళ్ళ తరబడి నేను రోజూ చూసేది, చూసి రాసేది అదే. ఏది ఎంత మునిగిందో చెప్పడానికే నాకు జీతం. అయినా ఆ సినిమాను ఇరవైసార్లు చూసి, ఆ పడవ ఎంత మునిగి ఉందో ఒక్కసారి కూడా చూడలేదు. తాత వచ్చాడని మొదటిసారే అనుకున్నాను, ఆ తర్వాత చూడటం మానేశాను.

ఇది నేను ఆమెతో ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోవాలి? నోర్ముయ్యమన్న మనిషితోనా?

ఆమె మాత్రం వదల్లేదు. వీధి మొదట్లో ఉండగానే కేక వినిపించేది. "ఏటి బావూ, మీ తాత ఇంకా రానేదేటి?"

"ఎప్పుడో వచ్చేడు. అన్నం తిని పడుకున్నాడు," అని నేను లోపల్నుంచి అరిచేవాణ్ణి.

"అయితే నిద్ర నేపు, పడవెవలు కడతారు?"

వీధి జనం నవ్వేవారు. ఎదురు వాటా మాస్టారు కూడా కిటికీలోంచి "తాత సంగతేమైంది?" అని అడగడం మొదలుపెట్టారు. చూడని సినిమా గురించి అడిగే హక్కు ఆయనకు లేదని చెప్పాను. కానీ ఆమె కేక వినబడకపోతే ఆ రోజు నాకు ఏదో తక్కువైనట్టుండేది. చేపల వేళకు పేపరు పట్టుకుని గుమ్మంలో కూర్చునేవాణ్ణి. ఒకే పేజీ చదువుతూ ఉండేవాణ్ణి. ఓడలో వంటవాడు సైగ చేసిన తర్వాత ఆ పల్లె గురించి, ఆ పిల్ల గురించి నాతో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. తిట్టినట్టు మాట్లాడినా సరే.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు కేక లేకుండా వచ్చి, గంప దించకుండానే నిలబడింది.

"ఆ బొమ్మ మల్లీ ఎప్పుడేత్తావ్ బావూ?"

చేతిలో పేపరు పక్కన పెట్టాను. అన్నేళ్ళలో ఆ మాట నన్నడిగినవాళ్ళు లేరు. అయినా నా నోరు ఊరుకోదు కదా. "రానేదన్నావు గదా. రాని తాత కోసం మల్లీ సూడ్డం దేనికి?"

"రాపోతే మాత్రమేటి? ఆ గుంట సెయ్యెత్తింది గదా. అది సూడాల."

అందరితో కలిసే ఆదివారం దాకా నేను ఆగలేదు. డెక్కు ఆయన మళ్ళీ చిన్నపిల్లల సంగతి ఎత్తాడు. గుర్తుపెట్టుకుని, రిక్షాలో సామాను నేనే ఎక్కించుకుని వచ్చాను. ఆ రోజు ఇంట్లో మేం ముగ్గురమే. అప్ప గంప బయట పెట్టి, కాళ్ళు కడుక్కుని వచ్చి, ఈసారి గుమ్మంలో కాకుండా చాప మీద కూర్చుంది. మా ఆవిడ పక్కన కూర్చుంది. నేను టీవీ పక్కన నిలబడకుండా వాళ్ళ వెనక గోడకు చేరాను.

నేనేమీ చెప్పలేదు. కెటిల్ మరిగేదాకా ముగ్గురం ఎదురుచూశాం. నీళ్ళు మెట్లెక్కాయి, దిగాయి. బయట ఎక్కడో ఓడ కూత వేసింది. అది మా రేవులోదో ఆ పల్లెలోదో ఒక క్షణం తెలియలేదు. పిల్ల పెరట్లోకి వచ్చి వెదురు కర్ర మీద ఒక గుడ్డ ఆరేసింది. గాలికి అది నిండా ఉబ్బి, మెల్లగా వాలింది.

అప్ప వెనక్కి తిరిగింది. "ఏటి బావూ, నోరు మెదపవు?"

"నువ్వే గదా ముయ్యమన్నావు."

"నీల్ల కాడ ముయ్యమన్నాను. ఆ గుడ్డ రంగు నాకెలా తెలుస్తాది? సెప్పు."

"పసుపు," అన్నాను.

"ముదరా, లేతా?"

వెంటనే చెప్పకుండా కళ్ళు మూసుకున్నాను. వాన, పచ్చటి టీ వాసన, తెర వైపు చూపించిన చెయ్యి. ఈసారి ఊహించి చెప్పకూడదనుకున్నాను. ఆ గుడ్డ నాకు కనిపించేదాకా ఆగాను.

"లేత పసుపప్పా. అంచు కాడ బాగా ఎలిసిపోయుంది."

"ఉప్పుగాలికి అంతే," అని ఆమె మళ్ళీ తెర వైపు తిరిగింది.