ఎండలో నిలిచిన తెలుపు

మొయినాబాద్‌కు ఫ్లెక్సీ మిషన్ వచ్చిన ఏడాది గోవర్ధన్‌కు పని తగ్గింది. మరుసటి ఏడాదికి అసలు లేకుండా పోయింది. ఆలూరు మనిషి. చేవెళ్ల నుంచి గండిపేట దాకా కిరాణా కొట్లకు, ఎరువుల దుకాణాలకు, బడులకు బోర్డులు రాసి బతికాడు. చేతిరాత కళ చచ్చిపోతోందని పట్నంలో కొందరు సంతాప వ్యాసాలు రాశారు. వాళ్లలో ఎవరూ అతని చేత ఒక్క బోర్డు రాయించుకోలేదు. గోవర్ధన్ కూడా కళ కోసం కన్నీరు పెట్టే బాపతు కాదు. జన్వాడలో ఒక ఫామ్‌హౌస్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా నిలబడకుండా బతికితే చాలనుకున్నాడు. ఆ కొలువు చూసిపెట్టింది భార్య నిర్మల అన్న నాగేందర్.

"పగటి డ్యూటీ. నీడపట్టున కూసునుడే. ఏం కష్టమున్నది?" అన్నాడు నాగేందర్.

"కారొచ్చినప్పుడల్లా లేసి సలాం గొట్టాలె గద బావా. జర ఆగుమను. సేటు పిలిచిండు, ఏం పనో చూసొస్త."

సేటంటే చేవెళ్లలో సిమెంటు, రంగుల దుకాణం నడిపే భద్రయ్య. హైటెక్ సిటీ జీతాలు గండిపేట దాటి ఇటు పారుతున్న రోజులవి. సిమెంటు అమ్మేవాడు వెంచర్ వేయకపోతే జనం అనుమానంగా చూసేవాళ్లు. భద్రయ్య కూడా వేశాడు. కట్టబోయే విల్లాల నమూనా ఒకటి మొయినాబాద్ ఆఫీసులో బల్ల మీద ఉండాలని ఆయన కోరిక.

"మంచిగ జేసినవనుకో, మా వాళ్ల వెంచర్లన్నిటికి నువ్వే. లేకుంటె ఫ్లెక్సీ గొట్టిచ్చుకుంట. నీకు చెప్పకుంట గొట్టిచ్చిన్నని మల్ల అనొద్దు," అన్నాడు.

దుకాణం వెనక గదిలో పని మొదలైంది. సన్‌బోర్డు అనే తేలికపాటి అట్ట కోసి అరచేతిలో పట్టే ఇళ్లు, థర్మాకోల్ చెక్కి గుట్ట, సైకిలు చువ్వలతో వీధి దీపాలు. కోత బాగా కుదిరింది. చిక్కు రంగు దగ్గర వచ్చింది.

భద్రయ్య కూతురు సాయి ప్రియ గండిపేట దిక్కు కాలేజీలో ఆర్కిటెక్చర్ చదువుతోంది. మూడు రకాల రంగులు తెచ్చి అతని ముందు పెట్టింది. ఒకటి అతనికి బాగా తెలిసిన ఆయిల్ పెయింట్. రెండోది కార్ల షెడ్లలో కొట్టే లాకర్. మూడోది నీళ్లలో కలిపే యాక్రిలిక్.

"మేమైతే యాక్రిలికే వాడుతం అన్నా. మెరవదు. చిన్న బొమ్మ మెరిస్తె ఆటసామాను లెక్క కనిపిస్తది. ఆయిల్ పెయింట్ ఇంట్ల పెడ్తె పసుపెక్కుతదని పుస్తకంల ఉన్నది."

"పుస్తకంల ఉన్నదా, నువ్వు చూసినవా?"

"చూడలే."

గోవర్ధన్ చూద్దామనుకున్నాడు. బోర్డు ముక్కలకు మూడు రంగులూ పూసి దుకాణం మిద్దె మీద పెట్టాడు. ఏ రంగునైనా అతను పరీక్షించేది అక్కడే. ఎండకు, వానకు నిలిస్తే మంచి రంగు, లేకపోతే లేదు. లాకర్‌ను థర్మాకోల్ మీద వేయగానే తేలిపోయింది. ముక్క నురగలా కూలి గుంట పడింది. యాక్రిలిక్ నాలుగు వానలకు అంచులు లేచి పొరలుగా ఊడింది. ముందు గరుకు కాగితంతో రుద్ది, అడుగు పూతగా అస్తరు వేయమని ప్రియ చెప్పిన మాట అతను పట్టించుకోలేదు. ఆయిల్ పెయింట్ పూసిన ముక్క మాత్రం పాలలా తెల్లగా ఉంది. దాన్ని తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

"ఎండల ఎందుకు పెట్టిన్రు అన్నా? ఇది ఉండేది ఆఫీసుల."

"ఎండకు ఆగింది నీడకు ఆగదా?"

"మీ ఇష్టం," అని వెళ్లిపోయింది.

పలచగా, పొర మీద పొరగా ఆయిల్ పెయింట్ వేశాడు. నమూనాను మొయినాబాద్ ఆఫీసుకు చేర్చారు. ఇళ్లు పింగాణీలా మెరిశాయి. భద్రయ్య చుట్టూ తిరిగి చూసి, "అబ్బ, కడిగిన గిన్నె లెక్కున్నది," అన్నాడు. ఆ రాత్రే గోవర్ధన్ నాగేందర్‌కు కబురు పెట్టాడు, జన్వాడ కొలువు ఇంకెవరికైనా ఇప్పించుకోమని.

ఈలోగా ఆషాఢం వచ్చింది. దాని వెనకే మూఢం. శుభకార్యాలు బంద్. ఆఫీసు ప్రారంభం ముందుకు జరిగింది. భద్రయ్య భార్య సుమిత్రమ్మ నమూనా మీద మందపాటి దుప్పటి కప్పించి, కిటికీ మూయించి, గదికి తాళం వేయించింది. "పూజ గాకముందు ఎవ్వరు చూడొద్దు. ఎవరి కండ్లు ఎట్లుంటయో," అంది.

ముహూర్తం నాడు పంతులు మంత్రాలు చదివాడు. సుమిత్రమ్మ బల్ల అంచున పసుపు కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి, దుప్పటి లాగింది.

ఇళ్లు తెల్లగా లేవు. బీడీలు తాగే ముసలివాడి పళ్ల రంగులో వరసగా నిలబడ్డాయి. గుట్ట మాత్రం ఆకుపచ్చగానే ఉంది. సాఫ్ట్‌వేర్ కొలువులు చేసే ఒక జంట దగ్గరికొచ్చి వంగి చూసింది. ఆ అబ్బాయి భద్రయ్యను మర్యాదగానే అడిగాడు: "ఇవి రీసేల్ విల్లాలా అంకుల్?"

వెనక నుంచి ఎవరో నవ్వారు.

జనం పోయాక గోవర్ధన్ భద్రయ్య ముందుకు వెళ్లాడు. "సేటూ, గుడ్డ గప్పకుంటె తెల్లగనే ఉంటుండె."

"అయితె ఎండల పెడ్దమా? కొనేటోళ్లను మిద్దె మీదికి ఎక్కిద్దమా?"

మూఢం మీద పడి తిట్టడం సులువు. చదువుకున్నవాళ్లకు అది ఇష్టమైన కసరత్తు కూడా. కానీ ఆ గదిలో దుప్పటి లేకపోయినా ఎండ పడదు. కాస్త ఆలస్యమైనా, ఎండ తగలక ఆ రంగు పసుపెక్కేదే. బోర్డులు రాసిన చెయ్యి ఇంట్లో ఉండే వస్తువుకు వీధి రంగు పూసింది. గోవర్ధన్‌కు ఆ సంగతి అక్కడే, భద్రయ్య అన్న మాటతోనే అర్థమైంది. అందుకే ఇక వాదించలేదు. "వారం ఇయ్యి సేటూ. గీకి, అస్తరేసి, నీళ్ల రంగు పూస్త. పైసలొద్దు," అన్నాడు.

భద్రయ్య ఒప్పుకునేవాడేమో. సుమిత్రమ్మ ఒప్పుకోలేదు. "హారతిచ్చిన దాన్ని గరుకు కాయితంతోటి గీకుతవా? ప్లాట్లన్ని అమ్ముడువోనీ, అప్పుడు నీ ఇష్టం." తడిసిన సిమెంటును ఎండబెట్టి అమ్మడానికి ఏ దేవుడికీ భయపడని భద్రయ్య ఈ ఒక్కచోట భక్తుడయ్యాడు. "ఆమె చెప్పినంక నేనేం జెయ్య," అన్నాడు.

వారం తిరగకుండా గోడ నిండా ఫ్లెక్సీ వచ్చింది. అందులో ఏ దేశానివో తెల్లటి ఇళ్లు. నమూనా మెట్ల కింద చేరింది. పూజ చేసిన వస్తువు కదా, దాని ముందు రోజూ ఒక అగరుబత్తి వెలిగించేవాళ్లు.

ప్రియ ఒకసారి చేవెళ్ల బస్టాండులో కనిపించింది. తల తిప్పుకుంటుందని అతను అనుకున్నాడు. ఆమె నిలబడి, "మా సార్‌ను అడుగుతనన్నా, మోడల్ పని ఉంటె చెప్త," అంది. మంచి పిల్ల. చెప్పలేదు.

చలి మొదలయ్యాక ఒక పొద్దున గోవర్ధన్ తినడానికి కూర్చున్నాడు. నిర్మల రొట్టె వేసి, అతని మొఖం చూడకుండా అంది: "అన్న ఫోన్ జేసిండు. పగటి డ్యూటీల వేరేటోడు చేరిండంట. రాత్రిది ఉన్నదంట. యూనిఫాం చొక్కా సైజు అడిగిండు."

గోవర్ధన్ రొట్టె తుంచి, ముక్కను కారంలో అద్దాడు. నమిలి మింగాక, "నలభై అని చెప్పు," అన్నాడు.